మంచులోకి దిగిన అట్లకాడ

నేను ఒక అట్లకాడను. చదునైన ఇనుప తల, చెక్క పిడి. నరసరావుపేటలో నన్ను సాగగొట్టిన కమ్మరి పిడిని కాస్త వంకరగా బిగించి, "అట్లకేగా, చాల్లే" అన్నాడు. పుట్టినప్పుడు నాకు దక్కిన దీవెన అదొక్కటే.

నన్ను కొన్న కనకరత్నం బస్టాండు పక్కన టిఫిన్ బండి నడిపేది. పన్నెండేళ్లు ఆమె పెనం మీద పెత్తనం చేశాను. అట్టు చక్కగా తిరగబడితే నా నేర్పు, చిరిగితే పిండి తప్పు.

ఆమె తమ్ముడు పానకాలు హిమాచల్ కొండల్లో, ఒక జలవిద్యుత్ కేంద్రంలో ఎలక్ట్రీషియన్. కనకరత్నం అతణ్ణి చూడబోతూ, "ఆ కొండల్లో అట్లకాడ దొరుకుద్దో లేదో" అని నన్ను చీరల మధ్య చుట్టి సంచిలో పెట్టింది.

మనాలిలో బస్సు దిగిన అక్కను పానకాలు తన కారులో ఎక్కించుకున్నాడు. మధ్యాహ్నానికి మంచు ముంచుకొచ్చింది. ఒక మలుపులో కారు జారి, పక్కనున్న మంచు దిబ్బలో వెనక్కి కూరుకుపోయింది. ఫోను పలకలేదు.

"నువ్వు కూర్చో అక్కా. నాలుగు కిలోమీటర్లు నడిస్తే మా క్వార్టర్సే."

"చాపిన చెయ్యే కనపడటంలా, యాడికిరా నడిచేది? లోయలో పడతావు. మనిషి కనపడకపోయినా కారు కనపడుద్ది. కదలమాక."

పానకాలు విసుగ్గా అద్దాలన్నీ బిగించి, ఇంజను ఆపకుండా హీటరు పెట్టాడు. కాసేపటికి కనకరత్నానికి తల దిమ్మెక్కింది. పక్కన తమ్ముడు తూలుతున్నాడు. పిలిస్తే మాట ముద్దగా వస్తోంది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుని, తెల్లారి లేవని పొరుగింటివాళ్లు ఆమెకు గుర్తొచ్చారు.

"ఒరేయ్, దీని పొగ గొట్టం యాడుంది?"

"కారు గురించి నీకేం తెలుసక్కా..." అని గొణిగాడు.

ఆమె తాళం తిప్పి ఇంజను ఆపింది. తలుపులు తెరిచి, తమ్ముణ్ణి చలిగాలిలోకి లాగి కూర్చోబెట్టింది. బస్టాండులో బస్సుల పొగ వెనకనుంచే రావడం రోజూ చూసిన మనిషి కాబట్టి, కారు వెనక్కి వెళ్లి సంచిలోంచి నన్ను దూసింది. కత్తినే అనుకున్నాను. తీరా చూస్తే ఒక్కో విసురుకు నేను ఎత్తింది అట్టంత మంచు! నా అంచు వంగింది, పిడి ఊగింది. ఆమె వేళ్లు మొద్దుబారాయి. ఏడుస్తూనే తవ్వింది. చివరికి మంచు కింద గొట్టం మూతి బయటపడింది.

గాలి తగిలాక పానకాలు తేరుకున్నాడు. తోటివాళ్లు ఎప్పుడో చెబితే నవ్వేసిన జాగ్రత్తలు ఇప్పుడు బుద్ధిగా పాటించాడు. గంటకు పది నిమిషాలే ఇంజను. ప్రతిసారీ ముందు గొట్టం దగ్గర మంచు తీయడం. గాలి కొట్టని వైపు అద్దం వేలెడు సందు. ఉన్న చీరలన్నీ ఇద్దరూ కప్పుకున్నారు. ఎర్రచీర మాత్రం కారు బయట పక్కనుండే చిన్న అద్దానికి కట్టారు. పొద్దు వాలకముందే మంచు తీసే బండివాళ్లు ఆ చీరను చూసి ఆగారు. వాళ్లలో ఒకడు నన్ను చూసి పగలబడి నవ్వాడు. నేనైనా అంతే చేసేవాణ్ణి.

కనకరత్నం ఊరికి వెళ్లేటప్పుడు నన్ను తమ్ముడి కారులోనే వదిలింది. పానకాలు దుప్పటి, టార్చి, అసలైన పార కొన్నాడు. కష్టమంతా పారది, గొట్టం మూతి మాత్రం నాకు వదిలాడు.

మంచు పడిందని టీవీలో చెబితే చాలు, కనకరత్నం ఫోను చేస్తుంది.

"గొట్టం చూశావా?"

"చూశానక్కా" అంటాడు. ఫోను పెట్టేసి, అప్పుడు నన్ను తీసుకుని దిగుతాడు.