పడమట శుక్రుడు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తప్పు మాట చెవిన పడితే దిద్దేదాకా ఊరుకోలేను. ఇరవై మూడేళ్ళుగా హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతున్నాను. ఆ గుణం బళ్ళో బాగానే పనికొచ్చింది. భవానీపురంలో మా అపార్ట్‌మెంట్ డాబా మీద అది ఏం చేసిందో మాత్రం ఎవరికైనా చెప్పుకోవాలి.

మా ఎదురు ఫ్లాట్ రాజ్యలక్ష్మి గారి భర్త రామకోటేశ్వరరావు గారు వన్ టౌన్‌లో ఒక మిర్చి కొట్టులో గుమాస్తా. డిసెంబర్లో దగ్గు తగ్గడం లేదని పరీక్షలు చేయిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ అని, చెయ్యి దాటిపోయిందని తేలింది. జనవరి నెలాఖరుకి డాక్టర్లు "ఇంటికి తీసుకెళ్ళి బాగా చూసుకోండి" అన్నారు. ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు.

వాళ్ళమ్మాయి లహరికి పెళ్ళి అప్పటికే కుదిరి ఉంది. మగపెళ్ళివారు మంచివాళ్ళు, రేపే చేద్దామన్నా సరే అన్నారు. అడ్డొచ్చింది శుక్రుడు. నవంబరు చివర్నించీ శుక్ర మూఢమి. శుక్రగ్రహం సూర్యుడి వెలుగులో కలిసిపోయి కనపడని రోజులవి, ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు చెయ్యరు. పంచాంగం ప్రకారం ఫిబ్రవరి పదిహేడు దాకా అంతే. రిజిస్టర్ ఆఫీసులో చేసుకుంటానంది లహరి. తల్లి ఒప్పుకోలేదు.

"ఆయన పక్కన పీటల మీద కూర్చుని పిల్లని కన్యాదానం చెయ్యాలండీ నేను," అన్నారు నాతో. "ఆయన పోయాక నన్నెవరు కూర్చోనిస్తారు? మా మరిదీ తోడికోడలూ కూర్చుంటారు. కన్నతల్లిని, నేను వెనకెక్కడో నిలబడి చూడాలి."

మేం క్రైస్తవులం, మాకీ మూఢాలు లేవు. ఇంకెవరన్నా అంటే గట్టిగా వాదన వేసుకునేదాన్నే. ఆవిడ మొహం చూసి నోరు మూసుకున్నాను.

ఆవిడ వాళ్ళ పురోహితుడు సోమయాజులు గారి దగ్గరికి వెళ్ళి ఏడిస్తే, ఆయన పెద్దమనసు చేసుకుని ఒక దారి చూపించారట. "నాకు కళ్ళు ఆనడం లేదమ్మా. మీ ఎదురింటి టీచరమ్మ గారికి ఇవన్నీ తెలుసంటున్నావుగా. పడమట శుక్రుడు వచ్చేశాడని ఆవిణ్ణి ఒక్క మాట చెప్పమను. పంచాంగం సంగతి నేను చూసుకుంటా, మర్నాడే పీటలు వేయిస్తా."

అలా వాళ్ళ ముహూర్తం నా మాట మీద ఆగింది. "హెప్సిబా పంతులు గారూ" అని మా ఆయన జోయెల్ రెండు రోజులు ఆటపట్టించాడు.

ఫిబ్రవరి ఒకటి నుంచి రోజూ సాయంత్రం బడి బైనాక్యులర్స్ తీసుకుని డాబా ఎక్కేదాన్ని. శుక్రుడు సూర్యుడి వెనకే అరగంటలోపు దిగిపోతాడు. సూర్యుడు పూర్తిగా మునిగాక, ఆ కాస్త వ్యవధిలోనే పట్టుకోవాలి. సరిగ్గా అప్పుడే కృష్ణా నది మీద మంచు గోడ కట్టినట్టు లేచేది. ఫోన్‌లో యాప్ మాత్రం రోజూ శుక్రుణ్ణి ఆ మంచు వెనకే చూపించేది. రాజ్యలక్ష్మి గారు నా పక్కనే నిలబడేవారు. కింద నుంచి ఆయన దగ్గు వినిపించినప్పుడల్లా పరుగున దిగి, మళ్ళీ ఎక్కి వచ్చేవారు.

ఐదో రోజు చీకటి పడబోతుండగా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "అదుగోండీ! అదే కదా?"

పడమటి ఆకాశంలో బాగా ఎత్తున ఒక చుక్క, మినుకుమినుకుమనకుండా నిలకడగా వెలుగుతోంది.

"కాదండీ, అది శని," అన్నాను వెంటనే.

ఆవిడ చెయ్యి తీసేశారు. నేను ఊరుకోవచ్చుగా! శుక్రుడు ఇప్పుడప్పుడే అంత ఎత్తున ఉండడనీ, సూర్యుడికి దగ్గర్లోనే ఉంటాడనీ, శని కంటే ఎంతో కాంతిగా ఉంటాడనీ పాఠం మొదలుపెట్టాను. అంతా అయ్యాక చూస్తే ఆవిడ రెండో చేతిలో ఫోన్ ఉంది. పంతులు గారి నంబరు తీసి సిద్ధంగా పెట్టుకున్నారు.

"మరి శుక్రుడు ఇంకా రాలేదాండీ?"

"రాలేదండీ. కనపడితే నేనే చెప్తాగా."

ఆ రాత్రి భోజనాల దగ్గర జోయెల్, "అదే శుక్రుడని అనేస్తే ఏం పోయేది?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "చూడనిదాన్ని చూశానని చెప్పమంటావా? రేపు పిల్లలకి ఏ మొహం పెట్టుకుని పాఠం చెప్పను?" అన్నాను. జోయెల్ కంచం తీసుకుని లేచిపోయాడు. నేనే గెలిచాననుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత, తొమ్మిదో తారీఖు తెల్లవారుజామున రామకోటేశ్వరరావు గారు పోయారు.

కార్యక్రమాలన్నీ అయ్యాక ఒక సాయంత్రం పలకరిద్దామని వెళ్ళాను. బోసి నుదురుతో ఆవిణ్ణి చూడలేక తల దించుకున్నాను. ఆవిడ నన్ను బాల్కనీలోకి తీసుకెళ్ళారు. మంచు లేదు. నదికి కాస్త పైన తెల్లగా, దీపం పెట్టినట్టు వెలుగుతున్నాడు శుక్రుడు.

"ఇదే కదండీ?"

"అవునండీ."

"ఆ రోజు మనం డాబా మీద నిలబడ్డప్పుడు కూడా ఉన్నాడా?"

అబద్ధం చెప్పడానికి నాకు అప్పుడూ నోరు రాలేదు. "ఉన్నాడండీ. మంచు వెనకాల."

"మీకు తెలుసా?"

"తెలుసు."

ఆవిడ నన్ను తిట్టినా బాగుండేది. తిట్టలేదు. "చూశానని చెప్పమని పంతులు గారు అడగలేదు కదండీ మిమ్మల్ని," అన్నారు మెల్లగా. "వచ్చేశాడని చెప్పమన్నారు. అంతే."

లోపల్నించి లహరి పిలిస్తే ఆవిడ వెళ్ళిపోయారు. నేను రెయిలింగ్ పట్టుకుని అక్కడే ఉండిపోయాను. కంటితో చూస్తేనే చెప్పాలన్న షరతు పెట్టుకున్నది నేనే. అబద్ధం చెప్పలేదని ఇన్నాళ్ళూ మురిసిపోయాను. ఆవిడ అడిగినప్పుడు, వచ్చేసిన శుక్రుణ్ణి రాలేదండీ అన్నది ఈ నోరే.