గడువు దాటిన విరుగుడు

కాంపౌండరు వాళ్ళన్నను ఊరి ఆసుపత్రికి మోసుకొచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. పొద్దున్నుంచీ ఎదురుగాలిలో తోటకు పురుగుమందు కొట్టాడట. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. నోట నురగ. కంటిపాపలు ఆవగింజలంత అయిపోయాయి.

"ముక్కుకు గుడ్డ కట్టుకోమంటే చెవిన పెడితేగా!" అంది వదిన.

కాంపౌండరు చొక్కా కత్తిరించి తీసి, సబ్బునీళ్ళతో ఒళ్ళంతా కడిగాడు. అన్నకింకా తెలివి ఉంది.

"ఏరా చాదస్తం, నీ బీరువాలో నాకు సరిపడా మందుందా?"

"ఉందన్నా. నువ్వు మాట్లాడకు."

బీరువాలో ఉన్నవి ముప్పై ఆంప్యూళ్ళు, సూదిమందు ఉండే చిన్న గాజుబుడ్లు. అట్రోపిన్ ఒకటి రెండు సూదులతో సరిపోయే విరుగుడు కాదు. ఛాతీలో నీరు ఆరేదాకా ఇస్తూనే ఉండాలి. మూడింటికల్లా ముప్పై ఆంప్యూళ్ళూ అయిపోయాయి. పెద్దాసుపత్రి నుంచి మందు బయలుదేరింది గానీ, అది చేరడానికి మూడు గంటలు.

"గడువు దాటినవైనా పర్లేదు, ఉంటే తెండి," అంది డాక్టరమ్మ.

కాంపౌండరు పెరటివైపు చూశాడు. గడువు దాటిన అరవై ఆంప్యూళ్ళను నాలుగు రోజుల కిందటే పెరట్లో పాతిపెట్టాడు. ఊరికే పాతడు. ఎవరూ తవ్వి వాడుకోకుండా ఒక్కొక్కదాని మెడ విరిచి, మందు ఒలకబోసి మరీ పాతుతాడు. అది చూసే అన్న నవ్వేవాడు: "మావాడు మంచినీళ్ళ గ్లాసు మీద కూడా గడువు తేదీ వెతుకుతాడు."

అయినా గునపం పట్టుకుని పరుగెత్తాడు. ఒక్కటైనా చెయ్యి జారి ఉంటుంది, ఒక్కటైనా మరిచిపోయి ఉంటాననుకున్నాడు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో మొదటిసారి, తన పనిలో తప్పు దొరకాలని కోరుకున్నాడు. మట్టిని గుప్పెళ్ళతో జల్లించాడు. గాజుపెంకులు వేళ్ళలో దిగాయి. అరవై మెడలూ విరిగే ఉన్నాయి.

గుమ్మంలో వదిన ఎదురొచ్చి, రక్తం కారుతున్న చేతుల వంక చూసింది.

"దొరికాయా అబ్బాయ్?"

"లేవొదినా."

"సరిగ్గా వెతికావా?"

"సరిగ్గానే వెతికాను."

లోపల అన్న ఊపిరి బుడబుడమంటోంది. కాంపౌండరు చేతులు కడుక్కుని, మంచం పక్కన కూర్చుని, నురగ తుడవసాగాడు. తుడిచినకొద్దీ వస్తూనే ఉంది. ఐదింటికి అది ఆగింది. అన్న ఊపిరీ ఆగింది.

ఆరింటికి మందు వచ్చింది. తీసుకోవడానికి ఇంకెవరూ లేక కాంపౌండరే లేచి వెళ్ళాడు. అలవాటు కొద్దీ డబ్బా తిప్పి తేదీ చూశాడు.

ఇంకా రెండేళ్ళ గడువుంది.