గుండెతో ఆడే కుట్టుమిషను

దర్జీ ఆవిడ పొద్దున్నే దుకాణం తీసి, మిషను సూది కింద గుడ్డ పెట్టి కూర్చునేది. కాళ్లతో తొక్కే పని లేదు. కూతురికి చంటిపిల్లగా ఉన్నప్పుడు గుండె ఆపరేషను చేయించి ఇంటికి తెచ్చిన రోజు నుంచీ ఆ మిషను పిల్ల గుండెతో పాటే ఆడుతోంది. పిల్ల నిద్రపోతే మెల్లగా, పరుగెత్తితే జోరుగా.

"అమ్మాయి ఆటల్లో పడ్డట్టుంది, ఇవాళ నా జాకెట్టు అయిపోయినట్టే" అని నవ్వేవాళ్లు బట్టలిచ్చినవాళ్లు.

ఏటేటా పిల్లని తెచ్చి చూపించమంది ఆపరేషను చేసిన డాక్టరమ్మ. కొన్నాళ్లు చూపించింది. తర్వాత ఇల్లు మారారు. కూతురి గుండె మిషను ఆడిస్తుందని కొత్త వీధికి చెప్పింది గానీ, ఆ గుండెకి కోత పడిందని మాత్రం చెప్పలేదు. రోగిష్టి పిల్ల అంటారని భయం. మచ్చ కనబడకుండా పిల్లకి మెడదాకా మూసిన బట్టలే కుట్టింది. ఒక ఏడు తప్పింది, ఇంకో ఏడు తప్పింది. ఇక ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? ఆసుపత్రి దారిలో పని పడితే సందుల్లోంచి చుట్టు తిరిగి వెళ్లేది.

పిల్ల కాలేజీకొచ్చాక మిషను కుట్లు దాటేయడం మొదలుపెట్టింది. ఆవిడ సూది మార్చింది, నూనె వేసింది, దారాన్ని తిట్టింది. తెలియక కాదు, దారాన్ని తిట్టడం తేలిక.

పక్కింటి పిన్నిగారు జాకెట్టు తెచ్చి ముందు పడేసింది. "చంక దగ్గర కుట్టే లేదు. నా జాకెట్టు సంగతి తర్వాత, ముందు పిల్లని డాక్టరుకి చూపించు."

"ఏం లేదు పిన్నిగారూ, నాసిరకం దారం."

"తల్లివై ఉండి ఆ మాట అనడానికి సిగ్గుగా లేదూ?"

ఉంది. వచ్చిన చిక్కంతా అదే.

ఆ మధ్యాహ్నమే సూది గుడ్డలో దిగి, అక్కడే ఆగిపోయింది. కొన్ని క్షణాలకి మళ్లీ లేచింది. ఆవిడ దుకాణం తలుపు కూడా వెయ్యకుండా కాలేజీకి పరుగెత్తింది. మెట్ల మీద కూలబడి ఉన్న కూతుర్ని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది.

అదే డాక్టరమ్మ, జుట్టు నెరిసింది. పరీక్షలన్నీ చూసింది. "వాల్వు బాగా పాడైంది. ఇంకొన్నాళ్లు ఆగితే మా చేతుల్లో ఉండేది కాదు. ఇప్పుడు ఆపరేషను చేస్తే బాగవుతుంది" అని, పిల్ల వైపు తిరిగింది. "ఆయాసం ఎప్పటినుంచమ్మా?"

"రెండేళ్లయిందండీ."

"మరి ఇంట్లో చెప్పొద్దూ?"

తల్లి వైపు చూడలేదు పిల్ల. "చెప్తే ఇక్కడికి తీసుకురావాలి కదండీ. ఇన్నేళ్లూ రానందుకు మీరు అమ్మని తిడతారని..."

డాక్టరమ్మ తిట్టలేదు. మంచం ఖాళీ ఉందేమో చూడమని నర్సుని పంపింది.

కుర్చీ చూపించినా తల్లి కూర్చోలేదు.

"తిట్టండమ్మా" అంది.