గంటకి పది నిమిషాలు

"గంటకి పది నిమిషాలంటే, నిద్రపోయే ఎనిమిది గంటలు తీసేస్తే, రోజుకి నూట అరవై నిమిషాలు. అంటే రెండు గంటల నలభై నిమిషాలు. చాలానే ఉందే!" అన్నాడు లెక్కల మాస్టారు, ఆస్పత్రి వాళ్ళిచ్చిన కాగితం మడత విప్పి. ఆయన ముఖంలో సంతోషం భార్యకి కనబడలేదు. కనబడే వీలు లేదు. ఆపరేషన్ తర్వాత ఐదు రోజులు ఆమె తల వంచుకునే ఉండాలి. కూర్చున్నా, నడిచినా, తిన్నా, పడుకున్నా ముఖం నేలకేసే ఉండాలి. గంటకి పది నిమిషాలు మాత్రం తల ఎత్తవచ్చు. అది మెడ నొప్పికి, చుక్కల మందుకి, స్నానానికి అని డాక్టరమ్మ విడమర్చి చెప్పింది. మాస్టారు వినకపోలేదు, విన్నాడు. కానీ అంకె కనబడితే దాన్ని ఖాళీగా వదలడం ఆయన వల్ల కాదు. సాయంత్రానికల్లా ఫ్రిజ్ తలుపు మీద ఓ పట్టిక అంటించాడు. ఆరింటికి టీ, ఏడింటికి పొయ్యి మీద కుక్కరు, ఎనిమిదింటికి చొక్కా ఇస్త్రీ. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆమెకి పని సులువయ్యేది.

ఆమె కళ్ళాస్పత్రిలో ఇరవై రెండేళ్ళుగా కంటి లోపలి తెరకి, అంటే రెటీనాకి, ఫొటోలు తీస్తోంది. చీకటి గదిలో, గడ్డం ఇక్కడ ఆన్చండి, పచ్చ చుక్కనే చూడండి, రెప్ప వెయ్యకండి అని రోజుకి అరవై మందికి చెప్తుంది. అందరూ ఫొటో మేడం అంటారు. ఆమె తీసిన బొమ్మని బట్టే డాక్టర్లు కత్తి పడతారు, చూపు తిరిగొచ్చాక పేషెంట్లు దండాలు పెట్టేది మాత్రం డాక్టర్లకి. దానికి ఆమె ఏమీ అనుకోలేదు, ఇంట్లో అలవాటైన సంగతే. నాలుగు నెలలుగా ఎడమ కంటికి తలుపు చట్రం నడిమధ్యన వంగి కనబడుతోంది. కుడి కన్ను మూసుకుని చూస్తే మొగుడి ముఖంలో ముక్కు ఉండేది కాదు. ఆమాట వేరెవరైనా చెప్తే ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని చీవాట్లు పెట్టేది. తన దాకా వచ్చేసరికి అత్తగారి శుక్లాల ఆపరేషను, నలభై రోజులు వేళ తప్పకుండా చుక్కలు వెయ్యడం, ఆ వెనకే కొడుకు ఉద్యోగం పరీక్షలు. "కళ్ళజోడు తుడుచుకో, అదే పోతుంది," అని మాస్టారు. సరే, కళ్ళజోడే తుడుచుకుంటూ వచ్చింది.

కొత్త మిషను వచ్చిన రోజున సిబ్బంది ఒకరి కళ్ళకి ఒకరు ఫొటోలు తీసి చూసుకోవడం ఆ గదిలో ఆనవాయితీ. కొత్తగా చేరిన టెక్నీషియన్ పిల్ల నలుగురి కళ్ళకీ ఫొటోలు తీసింది, అందులో ఈమెవీ ఉన్నాయి. ఆ తర్వాత ఈమె కంప్యూటరు ముందుకొచ్చి చూస్తే, రెటీనా నడిబొడ్డున, చిన్న పల్లం మాత్రమే ఉండవలసిన చోట, రెండు వైపులా తెగి నోరు తెరుచుకున్న చిల్లు. పొద్దున వచ్చిన పేషెంటెవరిదో అనుకుంది. "చూశావుటే, ఎంత ముదరబెట్టుకున్నారో! ఇంట్లో ఒక్కరికైనా పట్టలేదు కాబోలు. ఎవరిదీ? పేరు చదువు," అంది. ఆ పిల్ల పేరు చదవలేదు. మెల్లగా కుర్చీ జరిపి ఆమెని కూర్చోబెట్టింది.

ఆపరేషన్ చేసి కంట్లో గ్యాస్ నింపారు. నీళ్ళలో బుడగ పైకే తేలుతుంది కదా. ముఖం నేలకేసి ఉంటేనే ఆ బుడగ కంటి వెనక గోడకి ఆని, చిల్లు పూడేదాకా కాపు కాస్తుంది. తల ఎత్తితే పక్కకి జరిగిపోతుంది. చిల్లు పూడకపోతే ఆ కంటితో అక్షరం చదవడం, మనిషిని పోల్చుకోవడం ఇక ఉండదు. ఈ మాట ఆమె ఎన్ని వందల మందికి చెప్పిందో! ఇంట్లో ముగ్గురికి చెప్పింది మాత్రం తలకెక్కలేదు.

మొదటి రోజే అత్తగారి పాదాలు మంచం పక్కకి వచ్చాయి, వాటి వెనకే బీన్స్ పళ్ళెం. "ఎలాగూ తల వంచుకునే ఉన్నావు కదమ్మా, ఇవి తుంచెయ్. తల వంచుకుని చేసే పనులకి డాక్టరు అడ్డం చెప్పలేదుగా." నిజమే, చెప్పలేదు. తుంచుతూ ఆమె ఆలోచించింది. కూర తరగడం, గిన్నెలు తోమడం, ఇల్లు ఊడవడం, బట్టలు మడతపెట్టడం. ఇంటిపనిలో తల ఎత్తి చేసేది బూజు దులపడం ఒక్కటే. దాన్ని మాస్టారు పట్టికలో రాయడం మర్చిపోయినట్టున్నాడు. అత్తగారు వెళ్ళబోతూ ఆగింది. "నేను పచ్చి బాలింతగా ఉన్నప్పుడు మా అత్త నాచేత నీళ్ళు మోయించింది. ఒక్కరూ వద్దనలేదు," అంది. ఆ గొంతులో ఉన్నది జాలో, ఉక్రోషమో తెలియలేదు. ముఖం చూస్తే తెలిసేదేమో, పాదాలు ఏమీ చెప్పవు.

తర్వాత కొడుకు పాదాలు. "అమ్మా, నా నల్ల చొక్కా ఏదీ?"

"బీరువాలో రెండో అర."

"కనబడట్లేదే!"

రెండు నిక్షేపమైన కళ్ళున్న ఇరవై ఆరేళ్ళవాడికి కనబడని చొక్కాని ఆమె నేలకేసి చూస్తూనే తడిమి తీసిచ్చింది. చుక్కల మందు వెయ్యమంటే మాత్రం వాడికి భయం, మాస్టారికి చెయ్యి వణుకు, అత్తగారికి ఓపిక లేదు. కుక్కరు కూత వేసేలోపు ఆమే తల వెనక్కి వాల్చి వేసుకుంది. ఒక చుక్క కంట్లో పడితే రెండు చెవిలో పడ్డాయి.

మూడో రోజు మధ్యాహ్నం ఆడపడుచూ ఆవిడ భర్తా పరామర్శకి వచ్చారు. "అయ్యో వదినా, ఇదెక్కడి శిక్ష!" అని ఆవిడ నిట్టూర్చింది. "ఈ గంటలోవి నీ పది నిమిషాలూ అలాగే ఉన్నాయిగా, టీ పెట్టెయ్," అన్నాడు మాస్టారు. పెట్టింది. ఒకరికి చక్కెర వద్దు, ఇంకొకరికి రెండు చెంచాలు. బిస్కెట్లు ఎక్కడున్నాయో ఇంట్లో ఎవరికీ తెలియదు. "ఇంత దూరం వస్తే కాసేపు కూర్చుని మాట్లాడవా వదినా?" కూర్చుంది. కప్పులు కడిగి గడియారం చూసేసరికి నలభై ఐదు నిమిషాలు. ఆమాట పైకి అంటే మాస్టారు చెయ్యి ఊపాడు. "దానికేముంది, వచ్చే నాలుగు గంటలవీ ఇప్పుడే వాడేసుకున్నావనుకో. మొత్తం మీద సరిపోతుంది." అందరూ నవ్వారు, ఆడపడుచు కూడా.

బుడగకి లెక్కలు రావు. గదిలోకి వెళ్ళి బోర్లా పడుకుని ఆమె ఏడ్చింది. ముఖం నేలకేసి ఉంటే కన్నీళ్ళు చెంపల మీదికి రావు, తిన్నగా కింద పడతాయి. ఏడ్చినట్టు ఎవరికీ తెలియదు కూడా. ఆమెకి భయం కన్నా ఒంటరితనం ఎక్కువగా ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళు కలిసి బతికినవాళ్ళు, తను మిక్సీలాగా రిపేరుకి వెళ్ళొచ్చిందనుకుంటున్నారు, తిరుగుతోందా లేదా అన్నదే చూస్తున్నారు. వీళ్ళెవరికీ తన మీద కోపం లేదు, పగ లేదు. కోపమైతే చల్లారేదాకా ఆగవచ్చు. దీనికి ఎన్నాళ్ళని ఆగడం? పక్కగదిలో నవ్వులు ఇంకా వినబడుతూనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున మాస్టారు స్కూలుకి తయారవుతూ చూశాడు. ఆమె తల వంచుకునే సంచిలో రెండు జతల బట్టలు, మందులు, దిండు సర్దుతోంది.

"ఎక్కడికి?"

"ఆస్పత్రికి."

"చెకప్ ఎల్లుండి కదా?"

"చెకప్‌కి కాదు. ఈ రెండు రోజులూ అక్కడ పడుకుంటాను."

"అక్కడెందుకు, ఇంట్లోనే పడుకోవచ్చుగా!" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. గొంతు తగ్గించి, "మరి వంటో?" అన్నాడు.

ఆమె చెప్పులు వేసుకుంది.

ఆస్పత్రి దాకా దారంతా అద్దె కారు వెనక సీట్లో మోకాళ్ళ మీద దిండు పెట్టుకుని, దానికి నుదురు ఆన్చి కూర్చుంది. వార్డులో బోర్లా కూర్చునే కుర్చీ ఉంది, ముఖానికి గుండ్రటి మెత్తతో. అందులో వాలిపోయింది. తలుపు అవతల ట్రాలీ చక్రాల చప్పుడు, ఎవరో ఎవరినో పిలవడం. ఏ పిలుపూ తన కోసం కాదు. వారం కిందటే చేరిన సిస్టరు కాగితాలు పట్టుకుని వచ్చి, ఆమె ముఖం కనబడక, చటుక్కున నేల మీద చతికిలబడి కింది నుంచి ముఖంలోకి చూసింది. నాలుగు రోజుల్లో ఆమె కోసం కిందికి దిగి వచ్చిన మొదటి ముఖం అది.

"పేషెంటు పక్కన ఒకళ్ళు ఉండాలి మేడం, ఇక్కడి పద్ధతి. ఎవరి పేరు రాయమంటారు?"

"ఎవరిదీ వద్దమ్మా."

"అయ్యో, ఇంట్లో ఎవరూ లేరా?"

"ముగ్గురున్నారు," అంది ఆమె. "అందుకే వచ్చాను."