నైరుతి తోక

ఎదుటి పక్షం వాళ్ళు సాక్షి కోసం బరంపురం హల్దియాపదర్ అంతా గాలించి, చివరికి నీ కన్నతల్లికే సమన్లు పంపించారంటే ఎవరికి చెప్పుకుని ఏడుస్తావు? వైకుంఠరావు ఆ కాగితం పట్టుకుని అద్దింటి మెట్ల మీద కూలబడ్డాడు. లోపల వాళ్ళమ్మ అప్పలనరసమ్మ మాత్రం ట్రంకుపెట్టె తెరిచి, కోర్టుకు ఏ చీర కట్టుకెళ్ళాలా అని ఒక్కొక్కటీ విప్పి దులుపుతోంది.

"ఏటే అమ్మా, నీకు సంబరంగా ఉందేటి?"

"సర్కారోడు పేరెట్టి పిలిసినాడు. ఎల్లొద్దేటి?"

"పిలిసినోడు సర్కారు కాదే, జగ్గన్న! మన స్థలం మనది కాదని నీ నోటితోనే సెప్పిద్దారని."

"ఎవడేటి సెప్పించినా సెప్పను. జరిగింది సెప్తాను, వచ్చేత్తాను," అంది ముసలామె, ఆకుపచ్చ నేతచీర మడత మీద అరచెయ్యి రాస్తూ.

ఆ జరిగిందే కదా కొంపలంటించింది!

వైకుంఠరావు నాన్న ఆ స్థలం కొన్నప్పుడు హల్దియాపదర్‌లో ఆ మూల ఇళ్ళే లేవు, చుట్టూ వరిచేలు. స్థలం మూడు మూలలూ బుద్ధిగానే ఉన్నాయి. నైరుతి మూల మాత్రం ఎద్దు తోకలాగా సాగి, చేలగట్టు దాకా వెళ్ళి ఆగింది. ఇల్లు మొదలుపెట్టే ముందు ఇచ్చాపురం నుంచి సిద్ధాంతిని తెచ్చారు. ఆయన అటూ ఇటూ నడిచి, ఆ తోక దగ్గర నిలబడి, పాము కనబడ్డట్టు వెనక్కి తగ్గాడు. నైరుతి పెరిగిన చోట ఇంటి యజమాని నిలవడన్నాడు. తోక కత్తిరించి గోడ తిన్నగా పెట్టుకోమన్నాడు.

అంతవరకూ అయితే ఊళ్ళో చాలామంది చేసేదే. కానీ గోడ ఒక్కటీ చాలదన్నాడు సిద్ధాంతి. పట్టాలో పేరు ఉన్నంతకాలం కీడు ఆ పేరు పట్టుకుని గోడ దూకి వస్తుందట. పదిమంది ఎదుట నోటితో తెంచెయ్యాలట. అప్పలనరసమ్మ నలుగురినీ పిలిచి, పసుపు కుంకాలు పూసిన గుమ్మడికాయ ఆ తోక మీద పగలగొట్టి, "ఇది మాది కాదు, ఒగ్గేసినాం" అని ముమ్మారు అరిచింది. వచ్చినవాళ్ళందరికీ అరటిపండు, నానబెట్టిన సెనగలు పంచింది. అందరికంటే ముందు చెయ్యి జాపినవాడు పక్కింటి జగ్గన్న.

సెనగలు తిన్నవాడు ఊరుకుంటాడా? ముందు అక్కడ గడ్డివామి వేశాడు. వామి పక్కన గేదెను కట్టాడు. గేదెకు ఎండ తగులుతోందని రేకులు దించాడు. ఈలోగా చేలగట్టు బాటయింది, బాట కాస్తా బస్సులు తిరిగే రోడ్డయింది. జగ్గన్న పెళ్ళాం పుణ్యవతి గేదెను వెనక్కి తోసి, రోడ్డు వైపు పొయ్యి పెట్టి పకోడీలు వేయసాగింది. సాయంత్రమైతే వైకుంఠరావు కూడా అక్కడే పొట్లం కట్టించుకుని ఇంటికి తెచ్చేవాడు. తన స్థలంలో వేగిన పకోడీ తను కొనుక్కుంటున్నానన్న సంగతి ఎన్నడూ తట్టలేదు.

అతనికి గేట్ బజార్‌లో చిన్న చీరల కొట్టుంది. నాన్న పోయాక, పెంకుటిల్లు వానొస్తే కారుతోందని కిందటేడు దాన్ని పడగొట్టించి, డాబాకి స్తంభాలు లేపాడు. స్తంభాలు నిలబడ్డాక ప్లాను కాగితాలు పట్టుకుని పురపాలిక ఆఫీసుకెళ్ళాడు. ఇంటి ముందరి గొందిలో స్కూటరు తిప్పడమే కష్టం, ఇంత సన్న దారికి డాబా ప్లాను ఇవ్వలేమన్నారు. పని ఆపమని కాగితం అంటించి పోయారు.

"ఇల్లు కూల్చడానికి ముహూర్తం అడిగినారు, స్తంభాలకి ముహూర్తం అడిగినారు. ప్లానొకటి ఉంటాదని మీ అమ్మాకొడుకులకి ఎవరూ సెప్పనేదేటి?" అంది అతని భార్య ఉమాదేవి.

ఆఫీసులో మ్యాపు విప్పినాయనే ఒక దారి చూపించాడు. మీ స్థలం వెనకవైపు పెద్దరోడ్డుకి తగులుతోంది కదా, అటునుంచి దారి చూపిస్తే ప్లాను వస్తుందన్నాడు. తగులుతున్నది ఆ తోకే. తోక మీద పుణ్యవతి బాణలి కుతకుతలాడుతోంది.

వైకుంఠరావు మంచిగానే వెళ్ళి అడిగాడు.

"మీ యమ్మే ఒగ్గేసింది కద తమ్ముడూ," అన్నాడు జగ్గన్న, కుంటికాలు బల్ల మీదికి ఎత్తి పెట్టుకుంటూ. "ఈ సేతిలో సెనగలు కూడా ఎట్టింది. అప్పుడు కావాల్సినోల్లం, ఇప్పుడు కాకుండా పోనామేటి?"

కేసు పడింది. సంసారం గేట్ బజార్ వెనక రెండు అద్దె గదుల్లో పడింది. కప్పులేని స్తంభాల పైన ఇనుప ఊచలు రెండు వానలకి తుప్పుపట్టి, కిందికి ఎర్రటి చారలు దిగాయి. మళ్ళీ వానల్లోగా కప్పు పడకపోతే స్తంభాలు కూడా పడగొట్టుకోవాల్సిందేనని మేస్త్రీ కూర్మారావు చెప్పేశాడు.

అటువంటప్పుడు వచ్చాయి ఈ సమన్లు.

వైకుంఠరావు లాయరు సస్మిత ఒడియా మనిషే గానీ, బరంపురంలో పుట్టి పెరిగింది కాబట్టి తెలుగు ధారాళంగా మాట్లాడుతుంది. కోర్టు మెట్ల దగ్గర, పిన్నిని పిలిచినట్టు ఒడియాలో పిలుస్తూ అప్పలనరసమ్మ చెయ్యి పట్టుకుంది. "మావుసీ, అబద్ధం చెప్పమనడం లేదు. అడిగినదానికి అవునో కాదో అనండి. ఆపైన ఒక్క ముక్క వద్దు."

"ఓస్, అంతేనా," అంది ముసలామె.

వాళ్ళమ్మ ఒక్క ముక్కతో ఆగిన సందర్భం వైకుంఠరావు జ్ఞాపకంలో లేదు.

జగ్గన్న వకీలు లేచి అడిగాడు. ఆ ముక్క మీది కాదని నలుగురి ఎదుట అన్నారా?

"అన్నాను బాబూ. ఒక్కసారి కాదు, ముమ్మారు. కావాలంటే ఇప్పుడూ అంటాను."

వకీలు కోటు సర్దుకుని, పెళ్ళిభోజనం చేసినవాడిలా కూర్చున్నాడు. వైకుంఠరావు కళ్ళు మూసుకున్నాడు. ఉమాదేవి పక్కనుంచి మోచేత్తో పొడిచింది, అదేదో అతని తప్పన్నట్టు.

సస్మిత లేచింది. "మావుసీ, అంత మంచి స్థలం ఎందుకు వదిలేశారు?"

"మంచిదేటమ్మా? నైరుతి తోక! అది ఎవల చేతిలో ఉంటే ఆలింటి పెద్ద మంచం ఎక్కుతాడు. గొడ్డూ గోదా నిలబడవు. ఆడపిల్లకి సంబంధాలు గుమ్మందాకా వచ్చి ఎనక్కి తిరిగిపోతాయి. అందుకే పేరు తెంచేసినాం. తెంచినకాడినుంచి సల్లగున్నాం."

వెనక బెంచీ మీద పుణ్యవతి లేచి నిలబడింది. ఆమె మొగుడు స్కూటరు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు, అది అతికి, మళ్ళీ పడి మళ్ళీ విరగ్గొట్టుకున్నాడు. గేదె ఈనకుండానే చచ్చింది. కూతురు రింకికి అస్కా నుంచి వచ్చిన సంబంధం తాంబూలాల దాకా వచ్చి తప్పిపోయింది.

"అంటే ఏటి పిన్నీ! మీ ఇంటి పీడని మా గుమ్మంలో పారబోసి, పైన సెనగలు ఎట్టినావా?"

"నానెట్టలేదే. నీ మొగుడే సెయ్యి జాపినాడు."

జడ్జిగారు బల్ల మీద కొట్టారు. గుమాస్తా "చుప్, చుప్" అన్నాడు. పుణ్యవతి చుప్ అయ్యే మనిషి కాదు. వరండాలో మొగుణ్ణి స్తంభానికి ఆనించి నిలదీసింది.

"అదంతా మూఢనమ్మకమే," అని గొణిగాడు జగ్గన్న.

"నీ కాలు మూఢనమ్మకమేటి? గేదె మూఢనమ్మకమేటి? పద, ముందు ఆ రేకులు పీకు!"

వాయిదా రాకముందే రేకులు లేచిపోయాయి. పొయ్యి లేచిపోయింది. పొయ్యి కింద మట్టిని కూడా పారతో గీకి, ఒక్క పిడికెడు మిగల్చకుండా వైకుంఠరావు గోడ ఇవతల పోసింది పుణ్యవతి. ఆ స్థలంతో మాకేమీ సంబంధం లేదని జగ్గన్న కోర్టులో రాసిచ్చేశాడు.

ఆ సాయంత్రం వైకుంఠరావు మిఠాయి పొట్లంతో ఇంటికి వచ్చాడు. ఎన్నాళ్ళకో అతనికి ఆకలేసింది.

"గెలిచేసినామే అమ్మా! రేపే గోడ ఎనక్కి జరిపించి, రోడ్డుకి గేటు ఎట్టించేత్తాను."

అప్పలనరసమ్మ పొట్లం ముట్టుకోలేదు. "గోడ జరిపినావంటే నాను ఆ ఇంటిలో అడుగెట్టను. ఇప్పుడు ఇంటి పెద్దవి ఎవుడివిరా? నువ్వు. నాకు ఒక్కడివే కొడుకువి."

అతను భార్య వైపు తిరిగాడు. మొన్నటిదాకా అమ్మాకొడుకుల్ని ఎగతాళి చేసిన మనిషి, చీర చెంగు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది.

"నాకూ నమ్మకం ఉందని కాదు. ఆల్ల గేదె సంగతి సూసేసరికి..." అంది.

"గేదెకి వాతం కమ్మింది! పశువుల డాక్టరే సెప్పినాడు!"

"మరి కాలో?"

వైకుంఠరావు మిఠాయి తనే తిన్నాడు. రుచి తెలియలేదు.

గోడ జరగకుండా దారి లేదు, దారి లేకుండా ప్లాను లేదు, ప్లాను లేకుండా కప్పు లేదు. కాగితం మీద తోకను లోపల చూపించి, నేల మీద బయట ఉంచేద్దామంటే, కొలతకు వచ్చేవాళ్ళు గోడ చూస్తారు. ఇదంతా వినీ వినీ సస్మితకు కూడా విసుగొచ్చింది. కేసు ఇంకా మూయలేదు కాబట్టి, ఇరుపక్షాలనూ రాజీకి కూర్చోబెట్టమని అడిగింది.

రాజీ గదిలో ఉన్న పెద్దాయన ఇరువైపుల మాటలూ విన్నాడు. ఇది మీదేనని జగ్గన్న పక్షం, మాకొద్దు మీరే ఉంచుకోండని అప్పలనరసమ్మ. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "జానెడు గట్టు కోసం అన్నదమ్ములు తలలు పగలగొట్టుకున్నారు ఈ గదిలో. ఉంచుకో ఉంచుకో అని తోసుకునే వాళ్ళని చూడ్డం ఇదే మొదలు," అన్నాడు ఒడియాలో.

"నువ్వే తీసుకో పిన్నీ, మీ పేరే ఉంది పట్టాలో!" అంది పుణ్యవతి.

"పేరు తెంచేసినాను కదే! నువ్వు కూడా ఉన్నావు కదా ఆ దినం!"

"నీ తెంపులు నీకాడే ఎట్టుకో!"

వైకుంఠరావు కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. "ఆపండెహె! మీకొద్దు, మాకొద్దు. రోడ్డులో కలిపేయండి! ఆంబోతులు పడుకుంటాయి, బస్సులు తిరుగుతాయి, ఏదైతే అది అయిపోద్ది! నాకు నెత్తిమీద కప్పు కావాల, అంతే!"

సస్మిత రాస్తున్న కలం ఆపింది.

"చెయ్యొచ్చు," అంది.

"ఏటి చెయ్యొచ్చు?"

"రోడ్డు కోసమని పురపాలికకు దానపట్టా రాసిచ్చెయ్యండి. ఆ ముక్క రోడ్డయిపోతుంది. అప్పుడు మీ గోడ ఉన్నచోటనే రోడ్డుకు తగులుతుంది. గోడ జరపక్కర్లేదు, దారి వచ్చేస్తుంది. ప్లానుకి అడ్డేముంది?"

పుణ్యవతికి మాత్రం ఇంకా ఒక సందేహం ఉంది. "మరి సర్కారుకి తగల్దేటి పీడ?"

"సర్కారుకి ఇంటి పెద్ద ఎవుడే?" అంది అప్పలనరసమ్మ. "ఏడాదికొకడు మారతాడు. ఎవడిని పట్టుకోవాలో పీడకే తెలీదు."

అలా ఆ తోక రోడ్డులో కలిసింది. కలవడానికి మళ్ళీ ఎన్ని ఆఫీసు బల్లలు తిరగాలో అన్నీ తిరిగాడు వైకుంఠరావు. ప్లాను చేతికొచ్చిన మర్నాడే కూర్మారావు మనుషులు దిగి, స్తంభాల తుప్పు గీకడం మొదలుపెట్టారు. అప్పలనరసమ్మను ఆటోలో తెచ్చి చూపించారు. ఆమె ఇల్లంతా తిరిగి, వెనక గోడలో గేటు కోసం కొట్టిన సందులోంచి బయటికి తొంగిచూసి, గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఓర్నాయనో! రోడ్డు తిన్నగా నైరుతిలోకి దూరిపోతంది. ఈధిపోటురా!"

వైకుంఠరావు సిమెంటు బస్తా మీద కూర్చుండిపోయాడు.

మర్నాడు పొద్దున్న పనికొచ్చేసరికి ఆ తోక మీద కళ్ళాపి జల్లి ఉంది. వాళ్ళమ్మ ముగ్గు వేస్తోంది. పుణ్యవతి ఇటుకలు పేర్చి అరుగు కడుతోంది. జగ్గన్న కుంటుకుంటూ ఇంకో నాలుగు ఇటుకలు మోసుకొస్తున్నాడు. మధ్యలో పీట మీద రాతి వినాయకుడు.

"పోటుకి ఎదురుగా గణపతిని కూకోబెట్టాలంట. సిద్ధాంతి కొడుకు పోన్లో సెప్పినాడు," అంది తల్లి.

"మా ఇల్లూ పక్కనే కద తమ్ముడూ, మాకూ తగుల్తాది," అంది పుణ్యవతి ఎంతో స్నేహంగా.

"ఇది రోడ్డు!" అని అరిచాడు వైకుంఠరావు. "మనమే రాసిచ్చినాం. రోడ్డు మీద అరుగు కడితే మల్లీ కాగితం అంటిస్తారు. మల్లీ పని ఆగిపోద్ది. అర్థమవతందా మీకు?"

ఎవరికీ అర్థమయినట్టు లేదు. అతను పీట మీది వినాయకుణ్ణి రెండు చేతులా ఎత్తుకుని లోపలికి నడిచాడు.

"ఒరే, దేవుణ్ణి ఎక్కడికి పట్టుకుపోతన్నావురా!"

"ఇంట్లోకే! కూర్మారావూ, గోడలో గూడు కట్టు. గోడ మందంలోనే. అంగుళం బయటికి వచ్చిందంటే నీకు కూలి లేదు."

కూర్మారావు సుత్తి తీసి, గోడను కొలిచి, "గూడు ఎటు మొగం ఎట్టమంటారు బాబూ?" అన్నాడు.

అప్పలనరసమ్మ తూర్పంది. పుణ్యవతి గోడవతలనుంచి ఉత్తరం అంది. ఫోనులో సిద్ధాంతి కొడుకును అడిగి చెప్తానంది ఉమాదేవి.

వైకుంఠరావు విగ్రహాన్ని ఇసక మీద దింపి, కూర్మారావు చేతిలోని సుత్తి లాక్కుని, గూటి కోసం రోడ్డు వైపు గోడకు మొదటి దెబ్బ తనే వేశాడు.