నా నాలుగో పాదంలో తప్పు

నేను ఒక సన్మానపత్రాన్ని. అయ్యో, అప్పుడే మొహం తిప్పేసుకోకండి! నా మీదున్న పొగడ్తలు చదవమని మిమ్మల్ని బతిమాలను లెండి. వాటి మీద నాకే నమ్మకం లేదు.

నేను పుట్టింది గోదావరి జిల్లాలో ఒక ప్రెస్సులో. హైస్కూల్లో తెలుగు పండితులు పరాంకుశం మాస్టారు రిటైరవుతున్నారని హెడ్మాస్టరు గారు ఆర్డరిస్తే, ప్రెస్సాయన కంప్యూటర్లోంచి పాత మేటరు తీసి పేరు మార్చాడు. సూర్యుని వలె, చంద్రుని వలె, సాగరము వలె... నా పై సగమంతా అంతకు ముందు ఒక పశువుల డాక్టరు గారిని పొగిడిందే. మనుషులకి పొగడ్తలు కూడా రెడీమేడులోనే దొరుకుతాయి.

కింది సగం మాత్రం నా సొంతం. అక్కడ దేవకి రాసిన తేటగీతి పద్యం ఉంది. దేవకి ఆ బళ్ళోనే మాస్టారి దగ్గర చదువుకుని, అక్కడే తెలుగు టీచరుగా చేరింది. చిన్నప్పుడు మొదటి పద్యం రాసి చూపిస్తే, మాస్టారు లఘువులూ గురువులూ లెక్కపెట్టి కాయితమంతా ఎర్రసిరా చేసి ఇచ్చారట. అప్పట్నుంచీ ఆ పిల్లకి ఒకటే ఆశ. ఆయన నోట 'బాగుందమ్మా' అనిపించుకోవాలి. ఆయన రిటైరైపోతే ఇంక అనేదెప్పుడు? అందుకని పాపం నాతో కుస్తీ పట్టింది. మొదటి మూడు పాదాల్లో ఉపమలూ రూపకాలూ కుక్కేసింది. నాలుగోదానికి వచ్చేసరికి సరుకు అయిపోయిందో ఏమో, జరిగింది జరిగినట్టు రాసేసింది.

"తినక వచ్చితే డబ్బాను జరిపినారు."

దేవకి ఖాళీ కడుపుతో బడికొచ్చిన రోజుల్లో, మాస్టారు పేపర్లు దిద్దుకుంటూ, తలెత్తకుండానే తన దద్దోజనం డబ్బా ఆమె వైపు జరిపేవారట. ఆ పాదంలో ఉన్నది అంతే.

సభలో హెడ్మాస్టరు గారు నన్ను రాగం తీసి చదువుతుంటే, శాలువా కప్పుకున్న మాస్టారు లేచి నిలబడ్డారు. కళ్ళు తుడుచుకుంటారు కాబోలనుకున్నారంతా.

"ఆగండి. 'సూర్యుని వలె' అన్నారు. ఉపమేయం నేను, ఉపమానం సూర్యుడు, 'వలె' అన్నది ఉపమావాచకం. బాగానే ఉంది. మరి మా ఇద్దరికీ ఉన్న సమానధర్మం ఏవిటండీ? నా బట్టతలేనా?"

సభ గొల్లుమంది. అంతటితో ఊరుకున్నారా? జేబులోంచి ఎర్రపెన్ను తీశారు. నాకు బిగించిన అద్దం మీద సిరా పడదు కదా, ఫ్రేము వెనక మేకులు ఊడదీయించారు మహానుభావుడు! నన్ను బల్ల మీద పరిచి, పద్యం మీద పడ్డారు. ఇక్కడ గణం తప్పింది, ఇది అరిగిపోయిన పోలిక, ఇది రూపకం కాదు. తనకి చేసే సన్మానాన్ని తనే దిద్దుకునే మనిషిని మీరెక్కడైనా చూశారా? ముందు వరసలో దేవకి తలొంచుకు కూర్చుంది. నాకు ఆయన మీద ఒళ్ళు మండిపోయింది.

నాలుగో పాదం దగ్గర పెన్ను ఆగింది. మాస్టారు క్యాపు పెట్టేసుకుని వెళ్ళి కూర్చున్నారు. దిద్దడానికి కూడా పనికిరాలేదనుకుంది దేవకి.

ఇంటికెళ్ళి చూసుకుంటే తెలిసిందట. తేటగీతిలో పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదిరే అక్షరం మధ్యలో ఒకచోట పడాలి. దాన్నే యతి అంటారు. నా పాదంలో 'తి'కి జోడీగా 'జ' వచ్చి కూర్చుంది. ఆ రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు.

ఆదివారం దేవకి కొత్త ఫ్రేము పట్టుకుని మాస్టారింటికి వచ్చింది. అందులో 'జరిపినారు' పోయి 'తీసినారు' వచ్చింది. 'తి'కి 'తీ'. యతి నిక్షేపంగా కుదిరింది. ఇంక నా పని అయిపోయిందనుకున్నాను.

"మాస్టారూ, నాలుగో పాదంలో యతి తప్పిందండి. దిద్దుకొచ్చాను. ఆ పాతది ఇచ్చేయండి, చించేస్తాను."

"తప్పింది. ఆ రోజే చూశాను."

"మరి దిద్దలేదేమండీ?"

మాస్టారు కొత్తది చదివి పక్కన పెట్టారు. "ఏమ్మా, నేను డబ్బా తీశానా?"

"లేదండి. జరిపారు."

"మరి తీశానని రాశావేం? ఉన్నదున్నట్టు చెప్పడమూ అలంకారమే, దాన్ని స్వభావోక్తి అంటారని నీచేత బోర్డు మీద ఎన్నిసార్లు రాయించాను! ఆ పాదం దిద్దడానికి నాకు చెయ్యి రాలేదే అమ్మా."

ఇప్పటికీ నేను ఆయన ముందుగది గోడ మీదే ఉన్నాను, ఎర్రసిరాతో సహా. యతి కుదిరిన ఆ కొత్తది వంటింట్లో వడియాల డబ్బాకి మూతగా పనికొస్తోంది. వచ్చినవాళ్ళు నా నాలుగో పాదం చూపించి "ఇక్కడ తప్పుందండీ" అంటే, మాస్టారు "ఉందండీ" అని ఊరుకుంటారు.

మీకు కావలసింది అది కాదని తెలుసు. 'బాగుందమ్మా' అన్నారా లేదా అని కదూ? అనలేదు. ఆ ఆదివారం దేవకి ఎదురుచూసింది, గోడ మీంచి నేనూ ఎదురుచూశాను. ఆయన వంటింటి వైపు తిరిగి, "ఏమేవ్, ఈ పిల్ల తినకుండా వచ్చినట్టుంది" అన్నారు. మాస్టారి భార్య అలివేలమ్మగారు దద్దోజనం కలిపి తెచ్చి బల్ల మీద పెట్టారు. మాస్టారు తలెత్తకుండానే ఆ కంచం దేవకి వైపు జరిపారు.