మాడు నీళ్లు

పెళ్లయి నెల కాలేదు. ఆ ఇంట్లో నాకు ప్రతిదీ ముచ్చటగానే ఉండేది. గుమ్మం దగ్గర మా ఆయన గ్వాన్‌హో చెప్పుల పక్కన నా చెప్పులు, ఒకే కప్పులో ఆనుకుని నిలబడ్డ మా పళ్ల బ్రష్‌లు, పొద్దున్నే అత్తయ్య ఇనుప కుండలో వండే అన్నం వాసన. మా పుట్టింట్లో కరెంటు కుక్కరు. కుండ అడుగున కట్టిన మాడులో నీళ్లు పోసి కాచి, భోజనం చివర వేడిగా తాగడం నాకు ఇక్కడే అలవాటైంది.

ఆ ముచ్చటంతా వంటగది గడప దగ్గరే ఆగిపోయేది. లోపల మా ఆడపడుచు క్యోంగ్‌జిన్ వదిన కూతురికి తిండి తూస్తూ ఉండేది.

కూతురు దాన్బికి ఆరేళ్లు. దాని మూర్ఛ ఏ మందుకూ లొంగలేదు. ఉన్నట్టుండి తల ముందుకు వాలిపోయేది, చేతులు ఎగిరిపడేవి. చివరికి సియోల్ ఆసుపత్రిలో కొవ్వు తిండి మొదలుపెట్టారు. నూనె, వెన్న, మీగడ, కాస్త చేప, కాస్త టోఫు. అన్నం లేదు, తీపి లేదు. పిండి పదార్థం దొరక్క ఒళ్లు కొవ్వును కాల్చుకుంటే మూర్ఛ తగ్గుతుందన్నారు. తగ్గింది కూడా. వేసవంతా పిల్ల ఒక్కసారీ వాలలేదట. చలి మొదలయ్యాక మళ్లీ వచ్చింది. ఒళ్లు కొవ్వును కాలుస్తోందో లేదో తెలియడానికి మూత్రంలో ముంచే కాగితం ముదురు వంకాయ రంగుకు తిరగాల్సింది, లేత గులాబీ దగ్గరే ఆగిపోతోంది. గురువారానికీ ఇలాగే ఉంటే ఈ తిండి ఆపేసి మెదడు ఆపరేషన్ గురించి మాట్లాడదామన్నారు డాక్టరు.

వదిన ఈ సంగతి నాకు బస్సు వేళలు చెప్పినట్టు చెప్పింది. అప్పటికే టూత్‌పేస్టు మార్చింది, దగ్గు మందు మార్చింది. పిల్లకి ఏమైనా పెట్టారా అని ఇంట్లో ఒక్కొక్కరినీ అడిగింది. ఎవరూ పెట్టలేదన్నారు.

మంగళవారం పొద్దున దాన్బి గిన్నె ముందు కూర్చుని ఉంది.

"అంచుకి నూనె అంటుకుంది. నాలుకతో నాకెయ్," అంది వదిన.

"కక్కొస్తోందమ్మా."

"కక్కితే మళ్లీ తూచాలి. మింగు."

"నువ్వు రాక్షసివి."

"అవును. మింగు."

దాన్బి నా వైపు తిరిగింది. "అత్తా, నువ్వు తింటావా? నువ్వింకా లావెక్కాలని మామయ్య అన్నాడు."

"ఉండు, మీ మామయ్య పని చెప్తాను," అని నవ్వాను. వదిన నవ్వలేదు. గిన్నె ఖాళీ అయిందని చూసుకుని, బట్టలు ఆరేయడానికి బాల్కనీలోకి వెళ్లిపోయింది.

అప్పుడు అత్తయ్య ఓ కప్పు తెచ్చి పిల్ల చేతికిచ్చింది. దాన్బి రెండు చేతులా పట్టుకుని గటగటా తాగసాగింది. ఆ వాసన నాకు తెలుసు.

"అత్తయ్యా, అవి మాడు నీళ్లు కదూ?"

"ఆఁ, నీళ్లే. ఇంత నూనె తాగిన పొట్టలో చన్నీళ్లు పోస్తారా ఎవరైనా? నా పిల్లలకీ ఇవే పోసి పెంచాను. మెతుకు పడకుండా గుడ్డలో వడగట్టాను, చూడు."

చూశాను. నిజంగానే మెతుకు లేదు. కొత్త కోడలు అత్తగారికి ఎదురు చెప్పకూడదని మా అమ్మ వెయ్యిసార్లు చెప్పి పంపింది. కప్పు సగమైంది.

"వదినా!" అని కేకేశాను.

వదిన తడి టవలుతోనే వచ్చింది. కప్పు తీసుకుని వాసన చూసింది. తర్వాత, అలవాటు కొద్దీ కాబోలు, దాన్ని తూకం మీద పెట్టింది. అంకె వెలిగింది. దాన్నేం చేసుకోవాలో తెలియనట్టు చూస్తూ నిలబడింది.

"ఎప్పట్నుంచి?"

"చలి మొదలైనప్పట్నుంచి. చేతులు చల్లబడుతున్నాయని… నీళ్లేనే!"

"పిండి నీళ్లలోకి దిగుతుందమ్మా."

"ఏమైనా పెట్టావా అనే కదే అడిగావు. నేను పెట్టలేదే!" అంటూనే అత్తయ్య నేల మీద కూలబడింది. "తిట్టవే నన్ను. ఓ మాటైనా తిట్టు."

"ఏడవకమ్మా. నిన్ను ఓదార్చే ఓపిక నాకు లేదు," అని వదిన ఫోను తీసి ఆసుపత్రికి చేసింది. అదే బస్సు వేళల గొంతు.

గురువారానికి కాగితం రంగు ముదరసాగింది. డాక్టరు అంతా విని, ఆపరేషన్ మాట ఇప్పుడొద్దు, ఈ తిండితోనే ఇంకో నెల చూద్దామన్నారు. నేను ఆసుపత్రి వరండాలోనే మా ఆయనకి ఫోన్ చేసి గంతులేశాను.

తిరుగు రైల్లో దాన్బి తల ఒక్కసారి వాలింది. వదిన అరచెయ్యి అడ్డం పెట్టి నుదురు ఆపింది. కాసేపటికి పిల్ల నా ఒళ్లో నిద్రపోయింది.

"సంతోషంగా లేదా వదినా?"

"ఉండాలి. ఇంకా రాలేదు. వస్తే చెప్తాలే."

పిల్ల గాఢంగా పడుకుందా అని నన్ను రెండుసార్లు అడిగింది. తర్వాత సంచిలోంచి సముద్రపు నాచు చుట్టిన అన్నం ముద్ద తీసి, కిటికీ వైపు తిరిగి, కాగితం చప్పుడు కాకుండా విప్పి, గబగబా తినేసింది.